సుదీర్ఘ క్రూజ్‌లో దూర సముద్ర ద్వీపాలకు: నేల మీద కాలు పెట్టేలా ప్లాన్ చేసుకోవడం ఎలా

ట్రిస్టన్ డ కున్యా, సెయింట్ హెలెనా, పిట్‌కెయిర్న్, ఈస్టర్ ద్వీపం. మొదటి రెండూ దక్షిణ అట్లాంటిక్‌లో, మిగతా రెండూ దక్షిణ పసిఫిక్‌లో. మ్యాపులో వెతికితే తప్ప కనపడని ఈ పేర్లను క్రూజ్ షెడ్యూలులో చూస్తే మనసు ఆగదు. కానీ షెడ్యూలులో పేరు ఉండటం వేరు, ఆ నేల మీద నడవడం వేరు. రోజుల తరబడి ప్రయాణించి, ఎదురుగా ద్వీపం కనిపిస్తున్నా ఎవరినీ దించలేక ముందుకు సాగిపోయిన ఓడలు ఎన్నో ఉన్నాయి.

కారణం ఈ ద్వీపాల భౌగోళిక స్వరూపంలోనే ఉంది. ఈ ద్వీపాల్లో ఎక్కువ భాగం సముద్రగర్భం నుంచి నిటారుగా లేచిన అగ్నిపర్వతాల కొనలు. ఒడ్డు చుట్టూ లోతు తక్కువ నీళ్ళు పెద్దగా ఉండవు కాబట్టి, ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల తుఫాను లేపిన అలలు కూడా బలం తగ్గకుండా వచ్చి రాళ్ళను తాకుతాయి. పెద్ద ఓడ ఆనుకునే రేవు ఉండదు. ఓడ దూరంగా ఆగుతుంది, అక్కడి నుంచి చిన్న పడవలో వెళ్ళాలి. ఆ చివరి కొద్ది దూరమే మొత్తం ప్రయాణాన్ని నిర్ణయిస్తుంది. అందుకే ఈ గైడులో ప్రతి నిర్ణయాన్నీ ఒకే ప్రశ్నతో కొలుస్తాను: దీనివల్ల దిగే అవకాశం పెరుగుతుందా?

1. ద్వీపాన్ని ఎంచుకునేటప్పుడు దిగే చోటు చూడండి

అందరూ ముందు ఫొటోలు చూస్తారు. ముందుగా చూడాల్సింది మాత్రం దిగే చోటు.

సెయింట్ హెలెనాలో ఓడలు ఆగే జేమ్స్‌టౌన్ తీరం వాయవ్యాన ఉంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం ఆగ్నేయం నుంచి గాలి వీస్తుంది కాబట్టి ద్వీపమే ఆ తీరానికి అడ్డు. అందువల్ల దూర ద్వీపాల్లో దిగే అవకాశం మెరుగ్గా ఉన్నది ఇదేనని నా అభిప్రాయం. అయినా రేవు మెట్ల దగ్గర పట్టుకోవడానికి తాళ్ళు వేలాడుతుంటాయంటే, అక్కడి అలలు ఎలా ఉంటాయో అర్థం చేసుకోవచ్చు.

ట్రిస్టన్ డ కున్యా పరిస్థితి పూర్తిగా వేరు. 37 డిగ్రీల దక్షిణ అక్షాంశం, పడమటి గాలులు జోరుగా వీచే ప్రాంతం. కాల్‌షాట్ అనే చిన్న హార్బరు ఒక్కటే ఉంది, అదీ చిన్న పడవలకే. విమానాశ్రయం లేదు. కేప్‌టౌన్ నుంచి సుమారు 2,800 కిలోమీటర్లు, ఓడలో దాదాపు వారం. అక్కడికి వెళ్ళాలనుకుంటే, దిగలేకపోయే అవకాశాన్ని మొదటే మనసుకు చెప్పుకుని టికెట్ కొనండి.

పిట్‌కెయిర్న్‌కు పెద్ద ఓడ వస్తే ద్వీపవాసులే బౌంటీ బే నుంచి పొడవాటి పడవల్లో ఎదురొస్తారు. పెద్ద క్రూజ్ ఓడల్లో చాలావాటికి పిట్‌కెయిర్న్ అంటే ఓడ మీద నుంచి చూసే ద్వీపమే. ఈస్టర్ ద్వీపంలో హంగా రోవా ముందు సముద్రం ఏ అడ్డూ లేకుండా ఉంటుంది. గాలి ఎటు తిరిగితే దాన్ని బట్టి దిగే చోటు మార్చాల్సి రావచ్చు, లేదా అసలు ఆగకపోవచ్చు. దక్షిణ అట్లాంటిక్‌లో అంటార్కిటికా వైపున్న సౌత్ జార్జియాలో లోతైన అఖాతాలు ఉన్నాయి. ఒకచోట కుదరకపోతే ఇంకోచోటికి వెళ్ళే వీలుంటుంది, కానీ అది చిన్న ఎక్స్‌పెడిషన్ ఓడలకే.

2. ఓడ సైజు

డబ్బు విషయంలోనూ అనుభవం విషయంలోనూ ఇదే అతి పెద్ద నిర్ణయం.

వేలమంది ఎక్కే పెద్ద ఓడలో కదలిక తక్కువ, రోజుకు అయ్యే ఖర్చు తక్కువ, వినోదం ఎక్కువ. ప్రపంచాన్ని చుట్టివచ్చే, వంద రోజులు దాటే క్రూజ్‌లు ఎక్కువగా ఇలాంటి ఓడల్లోనే. కానీ ఓడ నుంచి ఒడ్డుకు చేర్చే టెండర్ బోటులో ఒక్కో ట్రిప్పుకు వందమంది లెక్కన అందరినీ దించి, మళ్ళీ ఎక్కించడానికి గంటలు పడుతుంది. అలలు కాస్త లేచినా కెప్టెన్ దిగడం రద్దు చేస్తాడు. అది సరైన నిర్ణయం కూడా. పైగా సుమారు 230 మంది ఉండే ట్రిస్టన్‌లోనో, యాభై మంది కూడా నిండని పిట్‌కెయిర్న్‌లోనో రెండు వేల మంది దిగితే ఆ ఊరు ఊరుగా మిగలదు.

వంద నుంచి రెండు వందల మంది ఎక్కే ఎక్స్‌పెడిషన్ ఓడల్లో జోడియాక్‌లు ఉంటాయి. గాలి నింపిన అంచులతో, పదిమంది దాకా కూర్చునే గట్టి రబ్బరు పడవలు ఇవి. రేవు లేకపోయినా గులకరాళ్ళ ఒడ్డుకు నేరుగా వెళ్ళిపోతాయి. టికెట్ ధర చాలా ఎక్కువ, ఓడ ఊగుడూ ఎక్కువే. సౌత్ జార్జియాలో ఒకేసారి వందమందికి మించి ఒడ్డున ఉండకూడదు, 500 మందికి మించిన ఓడల నుంచి ప్రయాణికులను దించరు. ఈక్వడార్‌కు చెందిన గాలపాగోస్‌ ద్వీపాల్లో ఒక్కో ఓడకు వందమందే పరిమితి. కాబట్టి ఆ రెండుచోట్లకైతే చిన్న ఓడ తప్ప దారి లేదు.

మూడో దారి కూడా ఒకటుంది, అది నాకు ఎంతో ఇష్టం. అరానుయి 5 అనే ఓడ తహితీలోని పాపెయెటె నుంచి మార్కెసాస్ ద్వీపాలకు సరుకులూ ప్రయాణికులనూ కలిపి తీసుకెళ్తుంది. ద్వీపం దాని కోసం ఎదురుచూస్తుంది. సరుకు దించడం చూస్తే చాలు, అక్కడి జీవితం సముద్రం మీద ఎంత ఆధారపడిందో తెలిసిపోతుంది.

నా సలహా: మీకు ముఖ్యమైనది సముద్ర ప్రయాణమైతే పెద్ద ఓడ, ద్వీపమైతే చిన్న ఓడ. బడ్జెట్ తక్కువైతే పెద్ద ఓడలో నాలుగు ద్వీపాల పేర్లు కొనే బదులు, చిన్న ఓడలో రెండు ద్వీపాలకు వెళ్ళండి.

3. నెల, దారి, దిశ

దక్షిణ అట్లాంటిక్‌కు నవంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా సీజన్. అంటార్కిటికా సీజన్ ముగిశాక, మార్చి, ఏప్రిల్ నెలల్లో కొన్ని ఎక్స్‌పెడిషన్ ఓడలు అర్జెంటీనాలోని ఉష్వాయా నుంచి సౌత్ జార్జియా, ట్రిస్టన్, సెయింట్ హెలెనా, అసెన్షన్ మీదుగా ఉత్తరానికి వెళ్తాయి. ఒకే ప్రయాణంలో ఇన్ని దూర ద్వీపాలు కలిసొచ్చే దారి ఇంకోటి దొరకడం కష్టం. దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం. ముఖ్యంగా పడమటి వైపున్న ద్వీపాలకు ఆ నెలల్లో వెళ్ళేముందు ఆలోచించండి.

దిశ గురించి ఎవరూ చెప్పరు, కానీ సుదీర్ఘ ప్రయాణంలో అది ఒంటికి బాగా తెలుస్తుంది. పడమరకు వెళ్ళే ఓడలో గడియారాన్ని వెనక్కి తిప్పుతూ పోతారు, ఆ రాత్రుల్లో ఒక గంట అదనపు నిద్ర. తూర్పుకు వెళ్తే ఆ గంట పోతుంది. నిద్ర సరిగా పట్టనివాళ్ళు పడమర దారి వెతుక్కుంటే మంచిది. అంతర్జాతీయ దినరేఖను పడమరకు దాటితే ఒక తేదీ మాయమవుతుంది, తూర్పుకు దాటితే అదే తేదీ మళ్ళీ వస్తుంది. రోజువారీ మందులను తేదీ చూసి కాకుండా, గంటల లెక్కన వేసుకోవాలి.

4. షెడ్యూలును అనుమానంగా చదవండి

ప్రతి ద్వీపం పక్కన ఎన్ని గంటలు రాశారో చూడండి. ట్రిస్టన్‌కు ఒకే ఒక్క రోజు ఇచ్చిన ఓడ కంటే రెండు మూడు రోజులు ఇచ్చిన ఓడకు దిగే అవకాశం ఎంతో ఎక్కువ. మొదటి రోజు అలలు ఎక్కువైనా రెండో రోజు తగ్గవచ్చు. ఉదయాన్నే చేరే ఓడ మధ్యాహ్నం చేరే ఓడ కంటే మేలు, రెండోసారి ప్రయత్నించడానికి వెలుతురు మిగులుతుంది. ‘సీనిక్ క్రూజింగ్’ అని రాసి ఉంటే దిగడం లేదని అర్థం, చుట్టూ తిరిగి చూపిస్తారంతే.

బుక్ చేసే ముందు ఈమెయిల్‌లో అడగండి: గత సీజన్లలో ఈ ద్వీపానికి ఎన్నిసార్లు వెళ్ళారు, ఎన్నిసార్లు ప్రయాణికులను దించగలిగారు? టెండర్లా, జోడియాక్‌లా? దిగలేకపోతే దగ్గర్లో ప్రత్యామ్నాయం ఏమిటి? సూటిగా సమాధానం ఇచ్చే కంపెనీని నమ్మవచ్చు. టికెట్ షరతుల్లో ఏ రేవునైనా మార్చే, వదిలేసే హక్కు ఓడకు ఉంటుంది. అలా వదిలేస్తే సాధారణంగా ఆ రేవు పన్నులు తప్ప ఇంకేమీ తిరిగి రావు. ఆ షరతును చదివి, ఒప్పుకునే సంతకం చేయండి.

5. కాగితాలు, ఇన్సూరెన్స్, ఆరోగ్యం

పాస్‌పోర్టుకు ప్రయాణం ముగిశాక కూడా కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. వీసాల విషయంలో ఒక పొరపాటు చాలామంది చేస్తారు: ద్వీపం ఏ దేశానిదో ఆ దేశం వీసా సరిపోతుందని అనుకోవడం. ఫ్రాన్స్‌తో సహా యూరప్ దేశాలకు పనికొచ్చే షెంజెన్ వీసా, తహితీ, మార్కెసాస్ ఉన్న ఫ్రెంచ్ పాలినీషియాకు దానంతటదే చెల్లదు. సెయింట్ హెలెనా, ట్రిస్టన్, పిట్‌కెయిర్న్ లాంటి బ్రిటిష్ ఓవర్సీస్ టెరిటరీలకు ఎవరి ప్రవేశ నిబంధనలు వాళ్ళకున్నాయి. ట్రిస్టన్‌లో దిగాలంటే ద్వీప పాలకుల అనుమతి కావాలి, క్రూజ్‌లో వెళ్తే దాన్ని సాధారణంగా ఓడవాళ్ళే చూసుకుంటారు. దారిలో ఏ దేశమైనా పసుపు జ్వరం టీకా అడుగుతుందేమో చూసుకోండి. ఆ సర్టిఫికెట్ టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే చెల్లుతుంది.

ఇన్సూరెన్స్‌లో మాత్రం పొదుపు వద్దు. హెలికాప్టర్లు వెళ్ళగలిగే దూరానికి హద్దు ఉంటుంది, నడి సముద్రంలో ఉన్న ఓడ దగ్గరికి అవి రాలేవు. ఒకసారి భూగోళం తీసి చూడండి. పసిఫిక్‌లో పాయింట్ నీమో అనే చోటు నుంచి అతి దగ్గరి నేల సుమారు 2,688 కిలోమీటర్ల దూరం. ఆ దగ్గరి నేలల్లో ఒకటి పిట్‌కెయిర్న్ సమూహంలోని డ్యూసీ ద్వీపం, ఇంకోటి ఈస్టర్ ద్వీపం పక్కనున్న మోటు నుయి. అంటే మీరు వెళ్ళేది ఆ శూన్యం అంచుకు. ఎవరికైనా జబ్బు చేస్తే ఓడే దారి మార్చుకుని రోజుల తరబడి వెళ్ళాలి. ఎమర్జెన్సీ తరలింపు ఖర్చును పాలసీ ఎంతవరకు భరిస్తుందో, మీకున్న పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

ఓడలో డాక్టరు ఉంటారు, కానీ అది ఆసుపత్రి కాదు. బయల్దేరే ముందు పళ్ళ డాక్టరుకు చూపించుకోండి, నడి సముద్రంలో పంటి నొప్పి నరకం. మందులు ప్రయాణ రోజులకు మించి కనీసం రెండు వారాలకు ఎక్కువ పెట్టుకుని, వాటిని చేతి సంచిలోనే ఉంచుకోండి.

6. కేబిన్, సముద్రపు వాంతులు

ఓడ మధ్య భాగంలో, కింది డెక్కులో కేబిన్ తీసుకోండి. కదలిక అక్కడే తక్కువ. పై డెక్కులో బాల్కనీ గది అందంగా ఉంటుంది కానీ గాలివానలో ఊగేది అదే. వాంతుల మందు కడుపు తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. చెవి వెనక అంటించే స్కోపోలమిన్ ప్యాచ్ సుమారు మూడు రోజులు పనిచేస్తుంది. గ్లాకోమా ఉన్నవాళ్ళకూ కొందరు పెద్దవయసు వాళ్ళకూ అది సరిపడదు, డాక్టరును అడక్కుండా వాడొద్దు. కడుపు ఖాళీగా ఉంచకండి. బయటికి వచ్చి దూరంగా సముద్రమూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలపండి. చాలామందికి రెండు మూడు రోజుల్లో ఒళ్ళు అలవాటు పడుతుంది.

7. సంచిలో ఏముండాలి

చీలమండ దాకా పట్టు ఉన్న బూట్లు, నీళ్ళు చొరని ప్యాంటు, జాకెట్, ఫోనూ కెమెరా పెట్టుకునే వాటర్‌ప్రూఫ్ సంచి, వీపు సంచి. చేతుల్లో పట్టుకునే బ్యాగు వద్దే వద్దు, ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. డబ్బు విషయానికొస్తే ట్రిస్టన్‌లో బ్రిటిష్ పౌండ్లు, పిట్‌కెయిర్న్‌లో న్యూజిలాండ్ డాలర్లు, ఈస్టర్ ద్వీపంలో చిలీ పెసోలు. సెయింట్ హెలెనాకు సొంత పౌండు ఉంది, విలువ బ్రిటిష్ పౌండుతో సమానం. కానీ సెయింట్ హెలెనా, అసెన్షన్ దాటితే ఆ నోట్లు చెల్లవు, మిగలకుండా ఖర్చు పెట్టేయండి. అన్నిచోట్లా చిన్న నోట్లే పనికొస్తాయి, కార్డు మీద ఆధారపడకండి.

8. నడి సముద్రపు రోజులు

వీటిని ఖాళీ రోజులు అనుకుంటే ప్రయాణంలో సగం పోయినట్టే. ఓడలో ఉపన్యాసాలుంటే తప్పకుండా వినండి, ద్వీపం మీద మీకు దొరికేది కొన్ని గంటలే, అక్కడ చదువుకునే తీరిక ఉండదు. దక్షిణ సముద్రాల్లో వెనుక డెక్కు మీద నిలబడితే వాండరింగ్ ఆల్బట్రాస్‌లు కనిపిస్తాయి. రెక్కల వెడల్పు మూడున్నర మీటర్ల దాకా ఉండే ఆ పక్షి, రెక్క ఆడించకుండా గాలిలో జారుతూ ఓడ వెంటే వస్తుంది. రోజూ మెట్లు ఎక్కి దిగండి, ద్వీపంలో అవే కాళ్ళు కావాలి. చేతులు సబ్బుతోనే కడుక్కోండి. ఓడల్లో పాకే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు.

9. దిగే రోజు

ఓడ ఆగాక ముందు సిబ్బంది పడవ వెళ్ళి చూసి వస్తుంది. కెప్టెన్ ఓడను అడ్డంగా తిప్పి, గాలి తగలని పక్కన పడవలను దించుతాడు. ఈలోగా మీ పని బయోసెక్యూరిటీ, అంటే బయటి గింజలూ జీవులూ ద్వీపానికి చేరకుండా చూడటం. బూట్ల అడుగున గాళ్ళలో, వెల్క్రో పట్టీల్లో, జేబు మూలల్లో, సంచి కుట్లలో ఒక్క గింజ గానీ మట్టిపెళ్ళ గానీ ఉండకూడదు. సూదితో తీయండి, వాక్యూమ్ పెట్టండి. ఇది తంతు కాదు. సౌత్ జార్జియాలో వేటగాళ్ళ ఓడలతో వచ్చిన ఎలుకలు నేల మీద గూళ్ళు కట్టే పక్షులను తినేశాయి. ఏళ్ళ తరబడి శ్రమించి వాటిని నిర్మూలిస్తే, 2018లో ఆ ద్వీపం ఎలుకల నుంచి విముక్తమైందని ప్రకటించారు. దక్షిణ అట్లాంటిక్‌లోని గాఫ్ ద్వీపంలో చిట్టెలుకలు ఆల్బట్రాస్ పిల్లలను బతికుండగానే కొరికి తింటున్నాయి. 2021లో వాటిని తుడిచిపెట్టే ప్రయత్నం జరిగినా ఫలించలేదు. మీ బూటులో దాగిన గింజ అంత పనీ చేయగలదు.

ఇక పడవలోకి దిగడం. లైఫ్ జాకెట్ బిగించి, సంచి వీపున వేసుకుని, రెండు చేతులూ ఖాళీగా ఉంచండి. నావికుడు చేయి చాపితే అరచేయి కాదు, మణికట్టుకు మణికట్టు పట్టుకోవాలి. ఒకరి పట్టు జారినా ఇంకొకరిది నిలుస్తుంది. పడవ అలతో పైకి లేచి, ఒక్క క్షణం నిలకడగా ఉన్నప్పుడు అడుగు వేయాలి. ఆ క్షణం ఎప్పుడో నావికుడు చెబుతాడు, అతను ‘రండి’ అనేదాకా కదలొద్దు, అన్నాక తటపటాయించొద్దు. దూకొద్దు. సెయింట్ హెలెనా మెట్ల దగ్గర వేలాడే తాడు పట్టుకుని ఇలాగే ఎక్కాలి. మోకాళ్ళ నొప్పో, సరిగా నిలబడలేని ఇబ్బందో ఉంటే ముందు రోజే చెప్పండి. ఇద్దరు నావికులను పెడతారు, లేదా ఈ అలల్లో వద్దని నిజాయితీగా చెబుతారు. ఆ మాట వినండి.

10. ఉన్న కొన్ని గంటలు

ఒక్క పెద్ద విషయం ఎంచుకుని, మిగిలిన సమయం ఊరికి ఇవ్వండి. సెయింట్ హెలెనాలో నెపోలియన్ 1815 నుంచి 1821లో చనిపోయేదాకా బందీగా ఉన్నాడు. అతను నివసించిన లాంగ్‌వుడ్ ఇల్లు ఊరికి దూరంగా కొండ మీద ఉంది. 699 మెట్ల జేకబ్స్ ల్యాడర్ ఊళ్ళోనే ఉంది. రెండూ ఒకే పూటలో చేయాలని పరుగెత్తితే ఏదీ మిగలదు. 1832 ప్రాంతంలో పుట్టిందని భావించే జోనథన్ అనే తాబేలును ప్లాంటేషన్ హౌస్ దగ్గర చూడవచ్చు.

ఈస్టర్ ద్వీపంలో ముందు తూర్పుకు వెళ్ళిపోండి. మోవాయ్ అనే పెద్ద రాతి విగ్రహాలు చెక్కిన రానో రరాకు క్వారీ, పదిహేను విగ్రహాలు వరుసగా నిలిచిన టోంగరికి వేదిక, రెండూ దగ్గర దగ్గరే. పార్కు టికెట్, స్థానిక గైడ్ తప్పనిసరి. విగ్రహాలను ముట్టుకోకూడదు, వాటి పీఠాల మీదకు ఎక్కకూడదు. ఆ పీఠాల కింద ద్వీపవాసుల పూర్వీకుల అస్థికలు ఉన్నాయి.

ట్రిస్టన్‌లోనైతే ఊళ్ళో నడవడమే చాలు. ఊరి పక్కనే 1961లో పొంగిన లావా రాళ్ళు నల్లగా కనిపిస్తాయి. ఆ ఏడాది ద్వీపమంతా ఖాళీ చేసి ఇంగ్లండుకు వెళ్ళిన జనం, అక్కడి సౌకర్యాలు వదులుకుని 1963లో తిరిగొచ్చారు. ఎందుకొచ్చారో వాళ్ళతో మాట్లాడితే అర్థమవుతుంది. పోస్టాఫీసులో స్టాంపులు, చేత్తో అల్లిన ఉన్ని వస్తువులు కొనండి, ఆ డబ్బు నేరుగా ఆ ఊరికే చేరుతుంది. మనుషులను అడగకుండా ఫొటో తీయకండి, ఇళ్ళ కిటికీల్లోకి తొంగి చూడకండి. దుకాణంలో తాజా కూరగాయలు, పళ్ళు కొనకండి. తర్వాతి సరుకు ఓడ వచ్చేదాకా ఊరివాళ్ళు వాటితోనే సర్దుకోవాలి. ఆ ఓడ ఎప్పుడొస్తుందో మీకు తెలియదు, వాళ్ళకు తెలుసు.

జంతువుల దగ్గర కనీసం ఐదు మీటర్ల దూరం పాటించండి. 2023లో బర్డ్ ఫ్లూ సౌత్ జార్జియాకు చేరింది కాబట్టి, పెంగ్విన్ల దగ్గర కూర్చోవడం, మోకరిల్లడం, సంచి నేల మీద పెట్టడం నిషిద్ధం. రాయి గానీ ఈక గానీ వెంట తెచ్చుకోకూడదు.

చేతికి గడియారం పెట్టుకుని, దాన్ని ఓడ సమయానికే ఉంచండి. ఫోను ద్వీపం సమయానికి దానంతటదే మారిపోయి మోసం చేయవచ్చు. చివరి పడవ దాకా ఆగకండి. అలలు పెరిగితే ముందే పిలుస్తారు. ఓడ హారన్ వినపడితే ఎక్కడున్నా బయల్దేరండి.

11. దిగలేకపోతే

టెన్షన్ పడి సిబ్బంది మీద కోపగించుకోవద్దు, వాళ్ళకూ అంతే బాధ. ఓడ ద్వీపం చుట్టూ తిరిగేటప్పుడు డెక్కు వదలొద్దు, బైనాక్యులర్ తెచ్చుకోండి. ట్రిస్టన్ దగ్గర ఊరి హార్బరు కుదరకపోయినా, నైటింగేల్ ద్వీపం పక్కన గాలి మరుగున జోడియాక్‌లో తిరిగి రాక్‌హాపర్ పెంగ్విన్లను చూసే అవకాశం దొరకవచ్చు. పిట్‌కెయిర్న్ దగ్గరైతే ద్వీపవాసులే ఓడ ఎక్కి చెక్క బొమ్మలు, తేనె అమ్ముతారు. బౌంటీ అనే బ్రిటిష్ ఓడలో తిరుగుబాటు చేసి, 1790లో అక్కడ స్థిరపడిన నావికుల వారసులు వాళ్ళలో ఉంటారు. దుకాణం సర్దుకునే హడావిడి మొదలవకముందే వెళ్ళి మాట్లాడండి.

12. ఓడకు తిరిగొచ్చాక

బూట్లు ఆ సాయంత్రమే కడగండి. బ్రష్‌తో అడుగు గాళ్ళు రుద్ది, క్రిమిసంహారక ద్రావణంలో ముంచి, ఆరబెట్టండి. ఒక ద్వీపం మట్టి ఇంకో ద్వీపానికి వెళ్ళకూడదు. ఎండాక వెల్క్రో, జేబులు మళ్ళీ చూడండి, తర్వాతి ద్వీపం తనిఖీలో ఒక్క గింజ దొరికినా మీరు ఓడ మీదే ఉండిపోవాల్సి రావచ్చు. ఆ పని అయ్యాక, మీతో మాట్లాడినవాళ్ళ పేర్లు, వాళ్ళు చెప్పిన సంగతులు మరచిపోకముందే నోటుపుస్తకంలో రాసుకోండి. ఎవరికైనా ఫొటో పంపుతానని మాటిచ్చి ఉంటే, ఇంటికి చేరిన వారంలోపే ప్రింటు తీసి పోస్టు చేయండి. ట్రిస్టన్‌కు ఉత్తరం చేరడానికి నెలలు పట్టవచ్చు.